పాతిక వేలతో డాక్ కొనాలా, స్పీకర్లు మార్చాలా, గది సరిచేయాలా?

ఇంట్లో ఆంప్లిఫయర్, ఒక జత స్పీకర్లు ఉన్న స్నేహితులు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే. "పాతిక వేలు పక్కన పెట్టాను, మంచి డాక్ కొంటే సౌండ్ మారుతుందా?" డాక్ అంటే పాటలోని డిజిటల్ అంకెలను ఆంప్లిఫయర్‌కి పంపే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం. పోయిన ఏడాది నేనూ ఇదే ఆలోచనతో ఒకటి కొన్నాను. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

కొన్న రోజు సాయంత్రం తేడా బ్రహ్మాండంగా అనిపించింది. వీణ మీటు విడివిడిగా వినిపించింది, గొంతు ఓ అడుగు ముందుకు వచ్చినట్టుంది. అప్పటిదాకా లాప్‌టాప్‌కి జేబులో పట్టే డాంగిల్ (అదీ ఒక చిన్న డాకే) పెట్టుకుని వినేవాణ్ని. దాని అవుట్‌పుట్ 1 వోల్టు, కొత్త డాక్‌ది 2 వోల్టులు. ఆంప్ నాబ్ కదపకుండా ఒకటి తీసి ఇంకొకటి పెడితే సౌండ్ 6 డెసిబెళ్లు పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి చాలామంది గమనించరు. కాస్త పెద్దగా మోగేదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. తేడా మరీ చిన్నదైతే "సౌండ్ పెరిగింది" అని కూడా అనుకోం, "క్లియర్‌గా ఉంది" అంటాం.

కాబట్టి పరీక్ష పద్ధతిగా చేశాను. 100 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి, రెండింటి వోల్టేజీ సమానమయ్యేలా వాల్యూం సర్దాను. మా మేనల్లుడు నా వెనక నిలబడి, బొమ్మా బొరుసూ వేసి వైరు మార్చేవాడు. "మావయ్యా, ఇప్పుడేటి మోగుతోందో చెప్పు" అని అడిగేవాడు. 16 సార్లు అడిగితే 9 సార్లు సరిగ్గా చెప్పాను. 16లో కనీసం 12 సరిపోతే గానీ నిజంగా తేడా వినిపించిందని అనుకోవడానికి లేదు. వాల్యూం సమానం చేశాక, మొదటి రోజు అంత స్పష్టంగా విన్న తేడా నాకు మళ్లీ దొరకలేదు.

ఎందుకిలా అంటే, అంకెలను శబ్దంగా మార్చే ఈ పనిని ఇంజనీర్లు ఎప్పుడో పూర్తిచేసేశారు. 1982లో సీడీ మార్కెట్లోకి రాకముందే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ప్రతిసారీ 16 బిట్ల అంకెగా రాయడం) అని నిర్ణయించారు. అది 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది, మనిషి చెవి మహా అయితే 20 వరకు వింటుంది. నలభై దాటినవాళ్లకు అంత కూడా వినిపించదు. 16 బిట్లంటే 96 డెసిబెళ్ల పరిధి. విశాఖలో మే నెలలో ఫ్యాన్ వేసుకోకుండా పాట వినగలమా? ఫ్యాన్ తిరిగే గదిలో 40 డెసిబెళ్ల చప్పుడు ఎప్పుడూ ఉంటుంది. పాట 90 దగ్గర మోగినా మనకు మిగిలేది 50 మాత్రమే. ఇక 24 బిట్ల 144 డెసిబెళ్లు ఏ మూలన వినాలి? డిస్టార్షన్ (శబ్దం వికృతం కావడం) సంగతీ అంతే. మామూలు డాక్‌లో కూడా అది వెయ్యో వంతు శాతం దగ్గర ఉంటుంది. చిన్న స్పీకర్ గట్టిగా బేస్ వాయించినప్పుడు ఒక శాతం దాటడం మామూలే.

డాక్ అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి మౌస్ కదిపినప్పుడల్లా కిర్రుమని వస్తుంటే, టీవీకి ఆప్టికల్ అవుట్‌పుట్ తప్ప ఇంకేమీ లేకపోతే తప్పకుండా కొనండి. ఎర్తింగ్ తేడా వల్ల గుయ్‌మనే హమ్‌ను కూడా ఆప్టికల్ వైరు చాలాసార్లు ఆపేస్తుంది, ఎందుకంటే దాంట్లో కరెంటు ప్రవహించదు, వెలుగే వెళుతుంది. ఈ పనులన్నిటికీ చవకైన డాక్ సరిపోతుంది.

ఇక స్పీకర్లు. మారిస్తే తేడా కళ్లు మూసుకుని చెప్పొచ్చు, పరీక్ష అక్కర్లేదు. ఒక్కో స్పీకరు ఒక్కో రకంగా పలుకుతుంది, మూడు నాలుగు డెసిబెళ్ల ఎత్తుపల్లాలు మంచివాటిలోనూ ఉంటాయి. మన ఊళ్లో అయితే ఇంకో సంగతి చూసుకోవాలి. లాసన్స్ బే వైపు, బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు, ఆ గాలికి ఇనుము ఏమవుతుందో వాళ్లకే తెలుసు. కోన్ చుట్టూ ఫోమ్ అంచు ఉన్న పాత స్పీకర్లు ఈ తేమకు పొడిపొడిగా రాలిపోతాయి. రబ్బరు అంచు ఉన్నవి తీసుకోండి. వైర్ల పిన్నులు ఏడాదికి రెండుసార్లు తీసి తుడిచి పెట్టండి. డాక్ పాడైందేమో అని మా స్నేహితుడొకడు తెచ్చిన కేసులో దోషం పిన్ను మీద పట్టిన చిలుమే.

అయితే నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది గది. డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఇక్కడే.

ఎంవీపీ కాలనీలో మా హాలు పన్నెండు అడుగులు పది. కింద టైల్స్, గోడలు ఖాళీ, బాల్కనీ వైపంతా గాజు తలుపు. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే గణగణమని తిరిగి వినిపించేది. పన్నెండడుగుల దూరంలో ఎదురెదురుగా రెండు గోడలుంటే దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం వాటి మధ్య నిలబడిపోతుంది. పదడుగుల గోడల మధ్య 56 దగ్గర. ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన మైకుతో కొలిచాను. నేను కూర్చునే చోట 47 దగ్గర కొండలా లేచింది, ఆ పైన ఒక చోట గొయ్యి. ఎత్తుకీ గొయ్యికీ మధ్య తేడా 15 డెసిబెళ్ల పైనే. ఇంత వంకర ఉన్న చోట డాక్ ఎంత నిక్కచ్చిగా పంపితే మాత్రం ఏం లాభం? మృదంగం తొప్పి (ఎడమ వైపు, లోతుగా మోగే ముఖం) దెబ్బలన్నీ ఒకే బుంగలోంచి వచ్చినట్టు వినిపించడానికి కారణం అదే.

చేసిన పనులు ఇవి. టీవీ స్టాండు మీద మూలలకు నెట్టేసి ఉన్న స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు తెచ్చి, ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న భాగాలు) చెవి ఎత్తుకు వచ్చేలా స్టాండ్ల మీద పెట్టాను. వెనక గోడకు ఆనించి ఉన్న సోఫాను మూడడుగులు జరిపాం. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు, విన్నాక ఒప్పుకుంది. కింద మందపాటి జంపఖానా, గాజు తలుపుకు రెండు పొరల కర్టెన్ వేశాం. మూలలో వాడకుండా పడున్న దూది పరుపులు రెండు చుట్టి నిలబెట్టాం. స్టాండ్లు, కర్టెన్, జంపఖానాకి కలిపి ఎనిమిది వేలు దాటలేదు.

మర్నాడు వింటే మృదంగం తని ఆవర్తనంలో ఒక్కో దెబ్బ దేనికది మొదలై దేనికది ఆగింది. ఈసారి మేనల్లుడు అడగక్కర్లేకపోయింది, వంటింట్లోంచి మా ఆవిడే "ఏం మార్చారు?" అంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. అంగుళం మందం ఉన్న గుడ్ల ట్రే ఆకారపు ఫోమ్ గోడలకు అతికిస్తే గది బాగుపడుతుందని అమ్ముతున్నారు. 47 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 24 అడుగులు. అంగుళం ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు, పై స్వరాలను మాత్రం మింగేసి గొంతును మూగబోయేలా చేస్తుంది. మిగిలిన బేస్ ఎత్తును ఈక్వలైజర్‌తో తగ్గించొచ్చు. గొయ్యిని మాత్రం దాంతో పూడ్చాలని చూడకండి, ఆంప్ మీద భారం పడుతుంది తప్ప గొయ్యి అలాగే ఉంటుంది.

హై-రెస్ (సీడీ కన్నా ఎక్కువ బిట్లున్న పాటల) సబ్‌స్క్రిప్షన్ గురించి కూడా అడుగుతున్నారు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు హై-రెస్ రికార్డింగులను సీడీ నాణ్యతకు కుదించి వినిపిస్తే వినేవాళ్లు గుర్తుపట్టలేకపోయారు. మనం వినే 1950ల, 60ల పాటలు చాలావరకు మోనో టేపుల మీదివి. వాటికి టేపు నుంచి డిజిటల్‌లోకి మంచి బదిలీ దొరకడం ముఖ్యం, బిట్ల సంఖ్య కాదు. ఖరీదైన వైర్లు, పవర్ కండిషనర్లు వదిలేయండి.

ఇప్పటికే డాక్ ఆర్డర్ పెట్టేసినవాళ్లు రిటర్న్ గడువు దాటకముందే మల్టీమీటర్ తెచ్చుకుని, ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి ఆ 16 సార్ల పరీక్ష చేయండి. కనీసం 12 సరిపోతే ఉంచుకోండి. లేకపోతే తిరిగిచ్చేసి, ఆ వారమే స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగండి.