డోవర్ కోట సొరంగాలు: అడ్మిరల్ రామ్సే యుద్ధం నడిపిన చోటు

ఇంగ్లండు ఆగ్నేయ తీరంలోని డోవర్ కోట కింద, తెల్లని సుద్దకొండలో తొలిచిన సొరంగాలను చూడబోయేవారు ముందుగా ఒక నౌకాదళ అధికారి జీవితాన్ని కాస్త చదువుకుని వెళ్లాలని నా సలహా. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ అక్కడ ఏర్పాటు చేసిన ‘ఆపరేషన్ డైనమో’ ప్రదర్శన 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు సాగిన డంకర్క్ తరలింపును, అంటే ఫ్రాన్సు తీరాన జర్మన్ సేనల మధ్య చిక్కుకున్న మిత్రరాజ్యాల సైనికులను ఓడల్లో ఇంగ్లండుకు చేర్చిన తీరును, కళ్లకు కట్టిస్తుంది. ఆ తరలింపును అక్కడ కూర్చుని నడిపిన వైస్ అడ్మిరల్ బెర్ట్రమ్ రామ్సే ఎవరో, ఆ పనికి ఆయనే ఎందుకు తగినవారయ్యారో ముందే తెలిసి ఉంటే ప్రదర్శన విలువ రెట్టింపవుతుంది.

ఈ సొరంగాలు రెండో ప్రపంచ యుద్ధం కోసం తవ్వినవి కావు. నెపోలియన్ దండెత్తుతాడన్న భయంతో, పట్టణంలో పట్టనంతమంది సైనికులను ఉంచడానికి 18వ శతాబ్దం చివర్లో తవ్వడం మొదలుపెట్టారు. సందర్శకులను జట్లుగా లోపలికి తీసుకెళ్తారు. ఇటుకలు పేర్చిన కమాను గోడల మీదనే పాత యుద్ధచిత్రాలు కదులుతుంటాయి; నడిచే కొద్దీ దృశ్యం మారుతుంది, పేలుళ్ల మోత సొరంగం పొడవునా దొర్లుకుంటూ వస్తుంది. మా జట్టులోని పిల్లలు సైతం కిక్కురుమనకుండా చూశారు. యుద్ధాన్ని వేడుకగా మార్చకుండా, తీరాన వేచి ఉన్న సైనికుల దైన్యాన్ని దాచకుండా చూపడం నాకు మిక్కిలి నచ్చింది.

ఇక రామ్సే సంగతి. 1883లో పుట్టిన ఆయన 1898లో, 15 ఏళ్ల వయసులో నౌకాదళంలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నుంచి ‘డోవర్ పట్రోల్’ అనే గస్తీ నౌకాదళంలో ఎం25 అనే చిన్న ఫిరంగి నౌకకు అధిపతిగా బెల్జియం తీరం వెంబడి పనిచేశారు. తరవాత బ్రోక్ అనే డెస్ట్రాయర్‌కు (వేగంగా సాగే యుద్ధనౌకకు) నాయకత్వం వహించి, 1918 మేలో జర్మన్ల చేతిలో ఉన్న బెల్జియం రేవు ఆస్టెండ్‌పై జరిగిన రెండో దాడిలో పాల్గొన్నారు. డోవర్‌కూ బెల్జియానికీ నడుమనున్న ఇసుక తిన్నెలు, పోటుపాట్లు, ఇరుకు నౌకామార్గాలు ఆయనకు కరతలామలకం కావడానికి ఆ ఏళ్లే కారణం.

అటువంటి అధికారి 1935లో హోమ్ ఫ్లీట్ (బ్రిటన్ చుట్టూ ఉన్న జలాలను కాచే నౌకాబలగం) ప్రధాన సిబ్బంది అధికారి పదవిని కొద్ది నెలలకే వదులుకున్నారు. తన పై అధికారి అడ్మిరల్ బ్యాక్‌హౌస్ ప్రతి పనినీ తన చేతిలోనే ఉంచుకోవడం ఆయనకు సరిపడలేదు. 1938లో ఆయన పేరు విశ్రాంత అధికారుల జాబితాలోకి వెళ్లింది. 1939 ఆగస్టులో డోవర్ బాధ్యత అప్పగించి ఆయనను వెనక్కి పిలిపించకపోతే చరిత్రలో ఆ పేరు మనకు కనిపించేదే కాదు. కింది వారికి బాధ్యత పంచి ఇవ్వాలన్న పట్టుదల వల్ల పదవి పోగొట్టుకున్న మనిషి, డంకర్క్ వేళ ఆ పద్ధతిలోనే పనిచేశారు. డంకర్క్ ఒడ్డున ఆయన తరఫున ఉన్న కెప్టెన్ టెనెంట్, ఇసుక తీరం నుంచి చిన్న పడవల్లో ఎక్కించడం సరిపోదని గ్రహించి, రేవు ముందున్న పొడవాటి తూర్పు అడ్డుకట్టకే ఓడలను రప్పించారు. చిన్న పడవల గాథే లోకమంతటా ప్రచారమైనా, బయటపడినవారిలో ఎక్కువమంది ఓడ ఎక్కింది రేవులోనే.

డోవర్‌కూ డంకర్క్‌కూ నడుమ దగ్గరి దారి 39 నాటికల్ మైళ్లు, కాని అది ఫ్రాన్సు రేవు కలేలోని జర్మన్ ఫిరంగులకు అందే దూరం. చుట్టు దారి 87 మైళ్లు. మధ్యలో 55 మైళ్ల మూడో దారిని మందుపాతరలు తొలగించి తెరిచారు. రెండు రోజుల్లో 45,000 మందిని తేగలిగితే గొప్ప అనుకున్నచోట చివరికి 3,38,226 మంది ఇంగ్లండు చేరారు. ఫ్రాన్సుకు వెళ్లిన భారత సైన్యపు కంచరగాడిదల దళాల వారూ ఆ వచ్చినవారిలో ఉన్నారు. మన పాఠకులు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ప్రదర్శన ఆ కొద్ది రోజులకే పరిమితం కాబట్టి రామ్సే తరవాతి జీవితాన్ని విడిగా చదువుకోవలసిందే. 1943లో సిసిలీ దాడికి తూర్పు నౌకాబలగాన్ని ఆయన నడిపారు. 1944 జూన్ 6న ఫ్రాన్సును విడిపించడానికి అక్కడి నార్మండీ తీరానికి సుమారు 7,000 నౌకలనూ పడవలనూ చేర్చిన ‘నెప్ట్యూన్’ అనే నౌకాదళ ప్రణాళికకు ఆయనే అధిపతి. 1945 జనవరి 2న పారిస్ సమీపంలో విమానం కూలి మరణించారు. కోట ఆవరణలో ఆయన విగ్రహం ఉంది, తప్పక చూడండి.

భూగర్భ ఆసుపత్రి ప్రదర్శన వేరే సొరంగంలో ఉంటుంది. రెండింటికీ కోట టికెట్టే చాలు. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి వేగపు రైలు గంటకు కాస్త పైగా పడుతుంది. స్టేషన్ నుంచి కోట ఎత్తున ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్నవారు టాక్సీ ఎక్కడం మేలు. రద్దీ పెరగకముందే సొరంగాలు ముగించుకుని, ఆ పైన రాజుల కాలపు బురుజును చూడండి. రోజంతా కేటాయించుకుంటేనే తీరికగా చూడగలుగుతారు.