శనక్కాయ వేర్లతో ఆరేళ్లు: కన్ఫోకల్ వాడిన అనుభవం

తిరుపతిలో మా లాబ్‌లో ఆరేళ్లుగా కన్ఫోకల్ మైక్రోస్కోప్ వాడుతున్నాను. చంద్రగిరి వైపు పొలాల నుంచి తెచ్చే శనక్కాయ మొక్కల వేర్ల బుడిపెలే నా శాంపిల్. బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా కాపురం అక్కడే.

కొత్తగా చేరినవాళ్లు “ఎంత పెద్దగా చూపిస్తుందక్కా?” అని అడుగుతారు. ఆ లెక్కన చూస్తే మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌కీ (వెలుగు తగిలితే మెరిసే రంగులు వేసి చూసేది) దీనికీ పెద్ద తేడా లేదు. తేడా తెలిసేది మందపాటి ముక్క పెట్టినప్పుడు. మామూలు దాంట్లో పై పొరలు, కింది పొరలు అన్నీ ఒకేసారి వెలిగి, మనకు కావలసిన పొర మసకబారిపోతుంది. కన్ఫోకల్‌లో లేజర్ ఒక్కో చుక్కను వెలిగిస్తూ పోతుంది. వెలుగును పట్టే డిటెక్టర్ ముందున్న సన్నని రంధ్రం, పిన్‌హోల్, ఫోకస్‌లో లేని వెలుగును అడ్డుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంట్‌కు పెట్టిన ఆలోచన ఇదే.

కణాల గోడలకు కాల్కోఫ్లోర్ అనే రంగు వేసి 405 నానోమీటర్ల లేజర్‌తో, బ్యాక్టీరియాకు సైటో 13 అనే రంగు వేసి 488 నానోమీటర్ల లేజర్‌తో చూస్తాను. మొదటిసారి సరిగ్గా కుదిరిన రోజు ఇంకా గుర్తుంది. నీలం గోడల మధ్య ఒక్కో కణం నిండా ఆకుపచ్చ గుండ్రాలు, మూకుడులో పోసిన సగ్గుబియ్యంలా. శనక్కాయ బుడిపెల్లో ఈ బ్యాక్టీరియా ఉబ్బి గుండ్రంగా మారుతుందని చదివాను, కానీ కళ్లతో చూడటం వేరు.

ఇక బాధపడిన సంగతి. మొదటి ఏడాది బుడిపె బయటి పొరల్లో కూడా ఆకుపచ్చ వెలుగు కనిపిస్తే అక్కడా బ్యాక్టీరియా ఉందనుకున్నాను. ఆరు నెలల బొమ్మలు అలా పోగుపడ్డాయి. ఒకరోజు రంగు వేయని ముక్కను అదే సెట్టింగ్‌లో పెట్టి చూస్తే, అదే వెలుగు! మొక్క కణజాలానికి, ముఖ్యంగా గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ ఉన్న గోడలకు, సొంత వెలుగు ఉంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మెషీన్ అబద్ధం చెప్పలేదు, నేను అడగాల్సింది అడగలేదు. అందుకే రంగు వేయని స్లైడ్ లేకుండా ఎవరు బొమ్మ చూపించినా నేను ఒప్పుకోను.

పక్కపక్కన ఉన్న రెండు చుక్కల మధ్య దాదాపు 200 నానోమీటర్ల దూరం ఉన్నా కన్ఫోకల్ విడదీసి చూపిస్తుంది కానీ, లోతులో అంత పదును ఉండదు. అక్కడ ఆ దూరం 500 నానోమీటర్లు దాటాలి. గుండ్రని బ్యాక్టీరియా పక్క కోణంలో కోలగా కనిపించడం ఇందువల్లే, శాంపిల్ తప్పు కాదు. శాంపిల్ మీద కప్పే పలుచని గాజు ముక్క, కవర్‌స్లిప్, 0.17 మిల్లీమీటర్ల మందందే వాడండి, బాగా పెద్దగా చూపించే ఆబ్జెక్టివ్‌లు (శాంపిల్ దగ్గరుండే లెన్స్‌లు) ఆ మందానికే తయారవుతాయి.

టైమ్ కూడా తింటుంది. అరవై పొరల బొమ్మల వరుస, అంటే స్టాక్, రెండు రంగుల్లో, ఒక్కో పొరకు రంగుకు ఎనిమిది సెకన్ల చొప్పున తీస్తే పదహారు నిమిషాలు. ఈలోపు లేజర్ తగిలి రంగు వెలిసిపోతూ ఉంటుంది. లేజర్ పెంచితే వెలుగు వస్తుంది, రంగు పోతుంది. తగ్గించి, నిదానంగా తీయడమే మంచిది. మే నెలలో కరెంటు పోయి యాభై రెండో పొర దగ్గర ఆగిపోయినప్పుడు ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. యూపీఎస్ లేకుండా ఈ మెషీన్ పెట్టకండి.

నూనె చుక్క వేసి వాడే ఆయిల్ ఆబ్జెక్టివ్ వాడి తుడవకుండా వెళ్లిపోయే అలవాటు నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. ఒకసారి ఎవరో మామూలు టిష్యూతో గట్టిగా రుద్దారు, లెన్స్ మీద గీత పడింది. ఆ గీతతో నాలుగు నెలలు అందరం ఇబ్బంది పడ్డాం. లెన్స్ పేపరే వాడాలి, మెల్లగా అద్దాలి.

మీ ముక్క పలుచనిదై, ఒకే పొర చాలనుకుంటే మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ చాలు, కన్ఫోకల్‌ మీద మీ స్లాట్ వేరేవాళ్లకు వదిలేయండి. వేరు లోపలికి, పొర వెనక పొరగా దిగి చూడాలనుకునేవాళ్లు మాత్రం ఎన్ని గంటలు పట్టినా కన్ఫోకల్ ముందు కూర్చోండి.