1991 నుంచి నాతో ఉన్న ‘అశ్విని’

తెలుగులో ఆటల మీద వచ్చిన మంచి సినిమాలు చెప్పమంటే కబడ్డీ, క్రికెట్, రగ్బీ చిత్రాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే మా మిత్రులు, 1991లో ఉషాకిరణ్ మూవీస్ పతాకంపై రామోజీరావు నిర్మించగా మౌళి దర్శకత్వం వహించిన ‘అశ్విని’ పేరెత్తగానే ఒక్క క్షణం తడబడి, ‘ఆ పాట ఉన్న సినిమానా?’ అని అడుగుతారు. ఆ పాట ఉన్న సినిమాయే. ఆ పాట దగ్గరికి తరువాత వస్తాను. ముందు సినిమా సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే పాటను తలకెత్తుకున్న మనం సినిమాను మాత్రం దాదాపు మరిచిపోయాం.

నేను దీన్ని మొదటిసారి చూసినప్పుడు ఏడో తరగతి చదువుతున్నాను. జిల్లా పరిషత్ పాఠశాల మైదానంలో సున్నం చల్లి గీసిన గీతల మధ్య, చెప్పులు గట్టున విడిచి, వట్టికాళ్లతో పరుగెత్తేదాన్ని. ఆ ఏడాది మండల పోటీలలో బాలుర కబడ్డీ ముగిసేదాకా మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి, గీతలు కూడా సరిగా కనబడని మసక వెలుతురులో మా రెండు వందల మీటర్ల పందెం కానిచ్చారు. ఆ ఉక్రోషం ఇంకా తీరకముందే ఈ సినిమా చూడటం వల్ల నా అభిప్రాయంలో కొంత పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. అయితే ఆ తరువాత టీవీలో, సీడీలో, ఇప్పుడు ఫోనులో ఎన్నిసార్లు చూసినా, వయసుతో పాటు వదిలిపోవలసిన ఆ పక్షపాతం మరింత బలపడింది తప్ప తగ్గలేదు.

అందుకు మొదటి కారణం అశ్విని నాచప్ప. కర్ణాటకలోని కొడగు నుంచి వచ్చి, పరుగుపందెంలో పి.టి. ఉషను రెండుసార్లు వెనక్కి నెట్టి, 1988లో అర్జున పురస్కారం అందుకున్న అథ్లెట్ ఆమె; ఈ సినిమాలో పరుగుగత్తె పాత్ర వేసిందీ ఆమే. ఉషాకిరణ్ మూవీస్ సంస్థే 1985లో ‘మయూరి’ తీసినప్పుడు, ప్రమాదంలో కాలు పోగొట్టుకుని కృత్రిమ పాదంతో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ చేతనే ఆమె పాత్ర వేయించింది. ఆ సాహసాన్ని ఇక్కడ మైదానంలో చేసింది. సుధాచంద్రన్‌కు నాట్యం వల్ల అభినయంతో ముందే పరిచయం ఉంది. అశ్వినికి ఆ సదుపాయం లేదు. సంభాషణ చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కొంత బిగువు కనిపిస్తుంది, కన్నీళ్లు పెట్టవలసిన చోట కాస్త తొందరపడుతుంది. అయినా రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు నంది బహుమతి ఇచ్చింది. నటనను మాటల్లోనే వెతికేవారికి ఆ నిర్ణయం వింతగా తోచవచ్చు కానీ, ఆమె పరుగెత్తేటప్పుడు చూసినవారికి తోచదు.

నటులు పరుగెత్తడానికీ పరుగుగత్తె పరుగెత్తడానికీ ఉన్న తేడాను ఈ సినిమాలో గీత గీసినట్టు చూడవచ్చు. నటుల చేతులు ఛాతీకి అడ్డంగా ఊగుతాయి, మడమ ముందు నేలను తాకుతుంది, తల అటూ ఇటూ కదులుతుంది, పళ్లు బిగించి కష్టాన్ని ప్రదర్శిస్తారు. అశ్విని మోచేయి వంపు చెదరదు. చేయి తుంటి దగ్గర నుంచి చెంప దాకా వచ్చి వెళుతుంది. భుజాలు నిమ్మళంగా ఉంటాయి. దవడ వదులుగా ఉండి చెంపలు మాత్రం అదురుతాయి. పాదం ముందు భాగం మాత్రమే నేలను ముట్టి లేస్తుంది. ఇవన్నీ మా డ్రిల్లు మాస్టారు మాకు చెప్పి చెప్పి విసిగిన విషయాలు. ఆయన నోటితో చెప్పలేకపోయినది తెరమీద ఒక్కసారి కనబడగానే మాకు అర్థమైంది.

లోపాలు లేవని అనను. కథానాయిక కష్టాలను ఒకదానిపై ఒకటి పేర్చిన తీరులో ఆ కాలపు అలవాటు తెలుస్తూనే ఉంటుంది; హాస్యం కోసం అతికించిన భాగాలను నేను ఇప్పుడు చూడకుండా దాటేస్తాను. శిక్షకుడిగా భానుచందర్ మాత్రం నాకు ప్రతిసారీ నచ్చుతారు. శిక్షకుడి పాత్ర దొరికిన నటుడు సినిమా మొత్తాన్ని తనవైపు లాక్కోవడం మనకు మామూలే కాబట్టి, ఆయన ఒక అడుగు పక్కకు జరిగి నిలబడటం చిన్న విషయమేమీ కాదు.

ఇక సంగీతం. మౌళి దర్శకత్వంలో ఇదే సంస్థ తీసిన ‘మనసు మమత’తో 1990లో సంగీత దర్శకుడిగా పరిచయమైన కీరవాణి, మరుసటి ఏడాదే దీనికి స్వరాలు కట్టారు. అదే సంవత్సరం ‘క్షణ క్షణం’ వచ్చి ఆయన పేరు ఇంటింటికీ చేరడంతో, దాని వెలుగులో ‘అశ్విని’ సంగీతం మరుగున పడింది. 2023లో ఆయనకు ఆస్కార్ వచ్చినప్పుడు ఆయన తొలినాళ్ల పాటలను ఏరి గుర్తుచేసుకున్న వాళ్లలో ఎంతమంది ఈ సినిమా దాకా వెళ్లారో చూశాను. వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బాలు పాడిన ‘చెయ్ జగము మరిచి జీవితమే సాధన’ మాత్రం సినిమాను దాటి బతికింది. మన భాషలో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. ఇక్కడ అది అన్నిటికంటే ముందు వచ్చి, ‘చెయ్’ అని పందెం మొదట్లో పేలే తుపాకీలా వినబడుతుంది, ‘సాధన’ అన్న మాట చివరిదాకా ఆగుతుంది. గాయకుడూ అథ్లెటూ ఒకే అర్థంలో వాడుకునే మాట అది. తెల్లవారుజామున లేచి, ఎవరూ చూడనప్పుడు, నిన్న చేసినదే ఇవాళ మళ్లీ చేయడమని ఇద్దరికీ తెలుసు. పల్లవి పతకం దగ్గర మొదలుకాకుండా అభ్యాసం దగ్గర మొదలవడమే ఈ పాట బలమని నా నమ్మకం. బాలు గొంతులో కూడా ఉద్బోధించే పెద్దమనిషి కంటే, తాను రోజూ చేసే పని గురించి చెబుతున్న మనిషే ఎక్కువగా వినబడతాడు. గెలుపు పాటలు గెలిచిన రోజున బాగుంటాయి. ఓడి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వచ్చిన రోజున నాకు పనికొచ్చింది ఇదొక్కటే.

‘పేదింటి పిల్ల జాతీయ స్థాయికి వెళ్లడం సినిమాల్లోనే జరుగుతుంది’ అని అప్పట్లో మా బంధువుల్లో కొందరు పెదవి విరిచారు. విశాఖపట్నంలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌లో 2023లో బ్యాంకాక్‌లోనూ 2025లో దక్షిణ కొరియాలోని గుమిలోనూ ఆసియా ఛాంపియన్‌గా నిలిచింది. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి పనులు చేసుకునే దంపతుల బిడ్డ దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్స్ నాలుగు వందల మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఆ పెదవి విరిచినవారిలో ఒకాయన నిరుడు జ్యోతి పరుగును టీవీలో చూస్తూ, ‘అచ్చం సినిమాలా ఉందే!’ అన్నారు. నేను ఏమీ అనలేదు.

మా అమ్మాయి ఇప్పుడు రెండు వందల మీటర్లు పరుగెత్తుతుంది. ఈ సినిమా దానికి చూపించడానికి చాలాకాలం వెనుకాడాను, పాతకాలపు ఏడుపులను చూసి నవ్వుతుందేమోనని. అనుకున్నట్టే నవ్వింది. మైదానం దృశ్యం రాగానే ఫోను నా చేతిలోంచి లాక్కుని, కాసేపు వెనక్కీ ముందుకీ జరిపి చూసి, ‘అమ్మా, ఈమె నిజంగానే పరుగెత్తుతోంది’ అంది. పాట దానికి నచ్చింది కానీ పందేనికి ముందు వినదు. అప్పుడు చెవులు బద్దలయ్యే ఇంకేవో కావాలి. పొద్దున్నే ప్రాక్టీసు అయ్యాక, స్పైకులు విప్పి, గట్టు మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్నప్పుడు మాత్రం, ‘ఇప్పుడు అది పెట్టమ్మా’ అంటుంది.