కలర్ స్క్రోలరా, ఎల్‌ఈడీ పారా, పాత జెలటిన్ ముక్కా?

వెనకటి పద్యనాటకాల్లో ఫోకస్ లైటు ముందు ఒక గుండ్రటి చక్రం ఉండేది. దానికి నాలుగైదు రంగుల జెలటిన్ కాగితాలు అంటించి, పక్కన స్టూలు మీద కూర్చున్న కుర్రాడు చేత్తో తిప్పేవాడు. ఎరుపు రావాల్సిన చోట ఆకుపచ్చ పడితే తిట్లు వాడికే. కలర్ స్క్రోలర్ అంటే ఆ కుర్రాడి పని మోటారుకు అప్పజెప్పడమే. రంగు ముక్కలన్నీ వరసగా అతికించిన పొడుగాటి పట్టీ, దానికి రెండు వైపులా రోలర్లు, లైటింగ్ బోర్డు మీద దాన్ని నడిపే ఒక ఛానల్, అంటే ఒక మీట. ఛానల్ విలువ మార్చిన కొద్దీ పట్టీ జరిగి, కావాల్సిన రంగు లైటు ముందుకొచ్చి ఆగుతుంది. విదేశాల్లో వైబ్రాన్ వాళ్ళ కలోరామ్, క్రోమా-క్యూ లాంటివి ఒకప్పుడు పెద్ద థియేటర్ల నిండా ఉండేవి. మన వైపు నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా నాటక సమాజానికి ఇవి ఎనిమిది ఉన్నాయి. అద్దెకు లైట్లిచ్చే కంపెనీ ఒకటి ఎల్‌ఈడీలకు మారుతూ పాతవి అమ్మేస్తుంటే, పార్ 64 క్యాన్లు (డబ్బా ఆకారపు స్టేజీ లైట్లు), డిమ్మర్ ప్యాకులతో (వెలుగు ఎత్తి దించే పెట్టెలు) కలిపి చవగ్గా తెచ్చుకున్నాం. అప్పటి నుంచి తోటి సమాజాల వాళ్ళు అడిగేది ఒకటే: "మేమూ ఇవే చూసుకోమంటారా, ఎల్‌ఈడీలు కొనమంటారా?" డబ్బు పెట్టి కొత్తగా కొనేవాళ్ళు స్క్రోలర్ల జోలికి పోవద్దు. ఇప్పటికే ఉన్నవాళ్ళు మాత్రం పాత సామాను వాడికి వేసెయ్యొద్దు. కూర్చుని పట్టీ చేసే ఓపికున్న మనిషి ఒక్కడుంటే అవి ఇంకా పనికొస్తాయి.

నిజానికి ఈ రెండూ అక్కర్లేని నాటకాలే ఎక్కువ. సాంఘిక నాటికలో ఇంటి హాలు సెట్టు, ఒక పగలు, ఒక రాత్రి, మహా అయితే ఒక ఫ్లాష్‌బ్యాక్. దీనికి పదహారు రంగులెందుకు? నాలుగు క్యాన్లకు లేత అంబర్, నాలుగింటికి లేత నీలం పెట్టి, ఒకటి దించుతూ రెండోది ఎత్తితే పగలు రాత్రయిపోతుంది. మోటారు లేదు, చప్పుడు లేదు, పోతే ఒక జెలటిన్ ముక్క పోతుంది. పరిషత్తు పోటీల్లోనే దీనితో ఇబ్బంది. రోజుకు మూడు నాలుగు నాటికలు ఉంటాయి, ఒక్కో సమాజం ఒక్కో రంగు అడుగుతుంది. మధ్యలో దొరికే కాసిని నిమిషాల్లో నిచ్చెనెక్కి, సలసల కాగుతున్న ఫ్రేము లాగి, కొత్తది దూర్చాలి. గుడ్డ పట్టుకున్నా వేళ్ళు చుర్రుమంటాయి. అలాంటి చోట స్క్రోలర్ ఉంటే బోర్డు దగ్గరే కూర్చుని పని కానిచ్చెయ్యొచ్చు. ఒకే జాగా నుంచి అయిదు రంగులు కావాలంటే అయిదు క్యాన్లు వేలాడదీయకుండా ఒక్కదానితో సరిపెట్టొచ్చు. స్క్రోలర్ పుట్టిందే అందుకు.

ఎల్‌ఈడీ పార్, అంటే బల్బు బదులు రంగురంగుల చిన్న ఎల్‌ఈడీలుండే లైటు, ఈ పనంతా పట్టీ లేకుండానే చేస్తుంది. కరెంటు లెక్క చూడండి. వెయ్యి వాట్ల క్యాన్లు ఎనిమిదీ వెలిగితే 8 కిలోవాట్లు, అంటే దాదాపు 35 ఆంపియర్లు. పల్లెటూరి కల్యాణమండపంలో సింగిల్ ఫేజ్ మీద ఇది పెడితే నాటకం కంటే ముందు ఫ్యూజు ఎగిరిపోతుంది. అదే ఎనిమిది ఎల్‌ఈడీ పార్‌లు కలిసి ఒక గీజరు లాగేంత కూడా లాగవు. ముదురు నీలం కావాలన్నా దీన్ని మించింది లేదు. క్యాన్లలో ఉండే టంగ్‌స్టన్ బల్బు వెలుగులో ఎరుపు, పసుపే ఎక్కువ, నీలం తక్కువ. దాని ముందు లీ కంపెనీ 181 నంబరు జెలటిన్, కాంగో బ్లూ అనే ముదురు నీలం, పెడితే వచ్చే వెలుగులో చాలా భాగాన్ని ఆ జెలటినే మింగేస్తుంది, స్టేజీ మీదికి చేరేది కాస్తే. మింగిందంతా వేడిగా మారుతుంది కాబట్టి ముందు మాడిపోయేదీ అదే. ఎల్‌ఈడీలో నీలం దీపం నీలంగానే పుడుతుంది.

ముఖాల దగ్గరికొచ్చేసరికి ఎల్‌ఈడీ తేలిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలే ఉండే చవక ఆర్జీబీ పార్‌తో ఫ్రంట్ లైటు వేస్తే, మేకప్ ఎంత బాగా వేసినా ముఖం సున్నం కొట్టినట్టుంటుంది. పట్టుచీర జరీలో బంగారం కళ కూడా పోతుంది. అంబర్ దీపం కూడా ఉన్న రకాలు కొంత నయం. ఇంకో బాధ, నెమ్మదిగా దించుతుంటే చివర్లో టక్కున ఆరిపోతాయి. వీడియోలో అడ్డగీతలు పరిగెత్తడం సరేసరి. టంగ్‌స్టన్ అలా కాదు, దిగే కొద్దీ ఎర్రబడుతూ నిప్పు ఆరినట్టు ఆరుతుంది. ముసలి తండ్రి కుర్చీలో ప్రాణం వదిలే సీనులో ఆ ఆరడమే సగం నటన. అందుకే మాకు ఫ్రంట్‌లో ఇప్పటికీ టంగ్‌స్టన్, దాని ముందు స్క్రోలర్లు.

ఇక స్క్రోలర్ పెట్టే తిప్పలు. అంబర్ నుంచి నీలానికి వెళ్ళాలంటే మధ్యలో ఉన్న రంగులన్నీ దాటుకుంటూ వెళ్ళాల్సిందే. మొదటి ప్రదర్శనలో నాకది తట్టలేదు. దర్బారు సీను నడుస్తుండగా నీలానికి మార్చాను. రాజుగారి ముఖం మీద ఆకుపచ్చ పాకి వెళ్ళింది. హాల్లో కిసుక్కుమన్నారు. ఇంటర్వెల్‌లో డైరెక్టర్ గారు వచ్చి, "ఏమయ్యా, మన రాజుకి పచ్చకామెర్లా?" అన్నారు. అప్పటి నుంచి ఒకటే పద్ధతి: లైటు దింపి, చీకట్లో పట్టీ జరిపి, మళ్ళీ లైటు ఎత్తడం. జనం చూస్తుండగానే మారాలంటే ఆ రెండు రంగులూ పట్టీలో పక్కపక్కన ఉండాలి. రెండు పట్టీలను ఒకదాని మీద ఒకటి జరిపి రంగులు కలిపే రకాలూ ఉన్నాయి, వాటి రిపేరు మన వల్ల కాదు. చప్పుడు కూడా తక్కువేం కాదు. కాటి సీనులో పద్యానికీ పద్యానికీ మధ్య హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, పైన స్క్రోలర్లను చల్లబరిచే ఎనిమిది ఫ్యాన్ల హోరు, మధ్యలో పట్టీల సరసర.

అన్నిటికంటే ముఖ్యం పట్టీ. రెడీమేడ్‌గా తెప్పించుకుంటే ఖర్చు, రావడానికి రోజులు. మేం ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే చేస్తాం. పాత పట్టీలో ఒక గడి కొలిచి అట్టతో అచ్చు కోసుకుంటాం. ముక్కలన్నీ ఆ కొలతకే ఉండాలి. యంత్రానికి రంగు కనిపించదు, దూరం ఒక్కటే తెలుసు. ఒక్కో ముక్క ఒక మిల్లీమీటరు ఎక్కువైతే పదహారో రంగు దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర సెంటీమీటరు తేడా పడి, అతుకు లైటుకు అడ్డంగా వచ్చి కూర్చుంటుంది. అతుకులకు వేడికి ఆగే పాలియెస్టర్ టేపు వాడాలి. మామూలు ప్లాస్టరు టేపు వేసి చూశాం, రెండో రిహార్సల్‌కే జిగురు కరిగి పట్టీ రోలరుకు అంటుకుపోయింది. మొదటి గడి ఖాళీ, అంటే పారదర్శక ముక్క. తరవాత లేత రంగులు, చివరికి ముదురువి. బోర్డులో ఒక్కో ఛానల్‌కు 256 మెట్లు, పదహారు రంగులు అంటే రంగుకు పదహారు మెట్లు. క్యూ (ఎక్కడ ఏ లైటు ఎలా మారాలో) రాసేటప్పుడు 0, 16, 32 అని అంచుల మీద కాకుండా 8, 24, 40 అని గడి నడుమకు పెట్టుకుంటే అతుకు కనబడదు.

నిర్వహణ పెద్ద విద్యేం కాదు, మర్చిపోకపోవడమే కష్టం. స్క్రోలర్ల పవర్ సప్లై బాక్సును పొరపాటున కూడా డిమ్మర్‌కు తగిలించొద్దు, నేరుగా ప్లగ్గుకే పెట్టాలి. స్క్రోలర్లు ముందు ఆన్ చేస్తే, పట్టీని ఈ చివర నుంచి ఆ చివరి దాకా తిప్పి అవే కొలత సరిచూసుకుంటాయి. ఆ తరవాతే లైట్లు. ఆపేటప్పుడు లైట్లు ముందు, క్యాన్లు చల్లారాక స్క్రోలర్లు. ఫ్యాను ముందే ఆగితే ఆ మిగిలిన వేడికే జెలటిన్ ముడుచుకుపోతుంది. ఫోకస్ సరిచేసే గంటల్లో పట్టీ ఖాళీ గడి మీదే ఉండాలి. ముదురు నీలం మీద మర్చిపోయి టీకి వెళ్ళొచ్చేసరికి మా టోక్యో బ్లూ నడిమధ్య రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ పడింది, దాని చుట్టూ గోధుమరంగు అంచు. లీ 269 హీట్ షీల్డ్ ముక్క లైటుకూ పట్టీకీ మధ్య, జెలటిన్‌కు తగలకుండా ఖాళీ వదిలి పెట్టాక ఆ బాధ తగ్గింది.

దుమ్ము, సాంబ్రాణి, పొగ యంత్రం వదిలే జిడ్డు అన్నీ ఫ్యాను రెక్కల మీదే చేరతాయి. నెలకోసారి పెయింట్ బ్రష్షుతో దులుపుతాను. వరసలో చివరి స్క్రోలర్ మిగతావాటి కంటే మెల్లగా కదులుతుంటే మోటారు పోయిందని కంగారుపడొద్దు. ముందు నాలుగు పిన్నుల కేబుల్ చూడండి. డేటాతోపాటు 24 వోల్టుల కరెంటు కూడా అందులోంచే వెళ్తుంది, దూరం ఎక్కువైతే చివరికి చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది. మాకు ఒకసారి ఆ తప్పు ఎలుకది.

ప్రస్తుతం సైక్లోరమాకు (స్టేజీ వెనక వేలాడే పెద్ద తెర), వెనక లైట్లకు ఆరు ఎల్‌ఈడీ పార్‌లు వేసుకున్నాం. నీలాలు, ఎరుపులు వాటివే. దాంతో స్క్రోలర్ పట్టీల్లో ముదురు రంగులన్నీ తీసేసి, పదహారు నుంచి తొమ్మిదికి దించాం. లేత అంబర్‌లు, గులాబీ, లేత నీలం ఒకటి, అంతే. పట్టీ పొట్టిదైంది, చప్పుడు తగ్గింది, ఈ ఏడాది ఇంకా ఒక్కటీ మాడలేదు. ట్రంకుపెట్టెలో రెండు పట్టీలు మాత్రం చుట్టి ఉంచాను, ఏ గడిలో ఏ నంబరు జెలటినో రాసిన చీటీ రబ్బరుబ్యాండుతో కట్టి.