మిద్దె మీద పెట్టిన డబ్బు, రిసెప్షన్లో పెట్టిన డబ్బు: మా హోటల్లో గ్రీన్ టెక్నాలజీ, కొన్నేళ్ళు వాడాక

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మాది చిన్న హోటల్. బోర్డు మీద హోటల్ అనే ఉంటుంది కానీ ఆటోవాళ్ళకి లాడ్జి అంటేనే తెలుస్తుంది. వారం మధ్యలో ఐటీ కంపెనీల పనిమీద వచ్చేవాళ్ళు ఎక్కువ. అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి ఇక్కడి ఆసుపత్రులకు వచ్చే కుటుంబాలు మాత్రం ఏడాది పొడుగునా ఉంటాయి. కొన్నేళ్ళుగా 'సస్టెయినబుల్' అన్న పేరుతో అమ్మే సరుకు చాలానే కొన్నాం. హీట్ పంపు, ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీళ్ళ వాడకం తగ్గించే కొళాయి జాలీలు), కీ కార్డు స్విచ్చులు, సెన్సర్లు, సెల్ఫ్ చెకిన్ మెషీను, క్యూఆర్ మెనూ. వీటిలో కొన్ని ఇంకా నడుస్తున్నాయి, కొన్ని స్టోర్ రూములో దుమ్ము పట్టి ఉన్నాయి. మాలాంటి చిన్న హోటలో, పీజీనో నడిపేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. రిసెప్షన్లో పెట్టిన డబ్బు ఫొటోలకు పనికొచ్చింది. మిద్దె మీద పెట్టిన డబ్బు కరెంటు బిల్లులో కనిపించింది.

ఇదివరకు ప్రతి బాత్రూములో ఒక గీజర్ ఉండేది. గెస్టు ఆన్ చేసి మర్చిపోయి ఆసుపత్రికి వెళ్తే, అది చల్లారడం, మళ్ళీ వేడెక్కడం, సాయంత్రం దాకా ఇదే పని. వాటిని పీకేసి మిద్దె మీద ఒక హీట్ పంపు, ఇన్సులేషన్ ఉన్న పెద్ద ట్యాంకు పెట్టించాం. హీట్ పంపంటే ఏసీని తిప్పి బిగించినట్టే. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళకు ఎక్కిస్తుంది. ఉన్న వేడిని మోసుకురావడమే కాబట్టి కరెంటు తక్కువ పడుతుంది. వెయ్యి లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే మామూలు హీటరుకు సుమారు 40 యూనిట్లు పడుతుంది. ఏ కంపెనీ హీటరైనా ఈ లెక్క మారదు. హీట్ పంపుకి అదే పని 13, 14 యూనిట్లలో అయిపోతుంది. బ్రోచర్లో ఇంకా తక్కువ వేసి ఉంటుంది. నీళ్ళను 50, 55 దగ్గర ఆపేస్తే వచ్చే అంకె అది.

ఆ 60 దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. మాకు బిగించడానికి వచ్చినతను "50 చాలు సార్, బిల్లు ఇంకా తగ్గుద్ది" అన్నాడు. గోరువెచ్చటి నీళ్ళు నిలవ ఉంటే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవర్ తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సమావేశానికి వచ్చినవాళ్ళు వరసగా జబ్బుపడి చనిపోయాకే ఈ బ్యాక్టీరియా సంగతి బయటపడింది. మా దగ్గర దిగేది సర్జరీ అయి నీరసంగా ఉన్న మనుషులు. అందుకని ట్యాంకు 60లోనే ఉంటుంది. పెద్దవాళ్ళకు చెయ్యి కాలకుండా గదులకు వెళ్ళే లైనులో చన్నీళ్ళు కలిపే వాల్వు పెట్టించాం.

హీట్ పంపు కంటే నాకు ఎక్కువ నచ్చింది రిటర్న్ లైను. దీని గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే అందులో అమ్మడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక పైపు, ఒక చిన్న మోటారు, ఒక టైమరు. మిద్దె మీద నుంచి కింది అంతస్తు చివరి గదికి వేడినీళ్ళు రావాలంటే పైపులో రాత్రంతా చల్లారిన నీళ్ళన్నీ ముందు బయటికి పోవాలి. గెస్టు కొళాయి తిప్పి, చెయ్యి పెట్టి చూసి, ఇంకా రాలేదని వదిలేసి పళ్ళు తోముకుంటాడు. బకెట్టు నీళ్ళు మోరీ పాలు. రిటర్న్ లైను ఉంటే తెల్లవారుజాము నుంచి తొమ్మిది దాకా వేడినీళ్ళు పైపులో తిరుగుతూనే ఉంటాయి, తిప్పగానే వస్తాయి. పైపుకి ఇన్సులేషన్ సరిగ్గా వెయ్యకపోతే మాత్రం గోడల్ని వేడిచెయ్యడానికి కరెంటు కట్టినట్టవుతుంది. రోజంతా తిప్పినా అంతే. టైమరు తప్పనిసరి.

ఇక తలనొప్పుల సంగతి. మా బోరు నీళ్ళు గట్టివి. వాటిలోని సున్నం హీట్ పంపు లోపల పేరుకుపోయి, నీళ్ళలోకి వేడి దిగక, మెషీను ప్రెషర్ పెరిగి ట్రిప్ అయ్యేది. నీళ్ళలో సున్నం తీసే సాఫ్టెనర్ పెట్టాక తగ్గింది. కానీ సాఫ్టెనర్‌కి ఉప్పు కావాలి, దాన్ని కడగడానికి మళ్ళీ నీళ్ళు కావాలి. ఆ ఉప్పునీళ్ళు మొక్కలకు పనికిరావు. ఇంకో ముచ్చట. ట్యాంకులో ఎమర్జెన్సీకని మామూలు హీటర్ రాడ్ ఒకటి ఉంటుంది. సర్వీసుకి వచ్చిన టెక్నీషియన్ టెస్టింగ్‌కని దాన్ని ఆన్ చేసి అలాగే వదిలి వెళ్ళాడు. నీళ్ళు వేడిగానే వస్తున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, బిల్లు వచ్చేదాకా. హీట్ పంపుకి విడిగా ఒక సబ్‌మీటరు పెట్టించుకోండి. పెద్ద ఖర్చు కాదు, రోజూ రీడింగ్ రాసుకుంటే ఇలాంటివి మర్నాడే దొరుకుతాయి.

మిద్దె మీద నీళ్ళు వేడిచేసే పాత సోలార్ ప్యానెళ్ళను తీసేయమన్నారు, మేం తీయలేదు. ఎండ ఉన్నప్పుడు అవే ముందు నీళ్ళను వేడిచేస్తాయి, మిగిలిన కాసింత హీట్ పంపు చూసుకుంటుంది. జులై, ఆగస్టు మబ్బుల్లో సోలార్ చేతులెత్తేస్తుంది. హీట్ పంపుకి మబ్బుతో పనిలేదు. పైగా అది వదిలే గాలి చల్లగా ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మా హౌస్‌కీపింగ్ కుర్రాళ్ళు భోజనం బాక్సులు పట్టుకుని మిద్దె ఎక్కి దాని ముందే కూర్చుంటారు.

ఏరేటర్ల దగ్గరికొద్దాం. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్ళకి ఎంత కటకట అయ్యిందో అందరికీ గుర్తుంది. మా మహదేవపుర వైపు మరీ దారుణం. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకరు ధర ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పారు. చివరికి ప్రభుత్వమే 12,000 లీటర్ల ట్యాంకరుకి 5 కిలోమీటర్ల లోపల వెయ్యి రూపాయలని రేటు కట్టాల్సి వచ్చింది. అప్పుడే జలమండలి హోటళ్ళలో, వాణిజ్య భవనాల్లో కొళాయిలకు ఏరేటర్లు తప్పనిసరి అంది. దొరికిన చోటల్లా కొని అన్ని కొళాయిలకూ బిగించాం.

వాష్ బేసిన్ దగ్గర అద్భుతం. చేతులు కడగడానికి ధార లావుగా రావాల్సిన పనేముంది? బాత్రూములో బకెట్టు నింపే కొళాయికి పెట్టడం మాత్రం అర్థంలేని పని. బకెట్టు నిండేదాకా ఎవరూ కొళాయి కట్టరు. ఏరేటర్ ఉన్నా, లేకపోయినా 18 లీటర్లు 18 లీటర్లే. ఆలస్యం ఒక్కటే తేడా. కదిరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కిందికి దిగొచ్చి మరీ అడిగింది. "ఏం నాయనా, నీళ్ళు ఇట్ల దారం మాదిరి వస్తాండాయి, బకెట్టు నిండేతలికి అడుగున నీళ్ళు సల్లగైపాయ!" ఆ సాయంత్రమే బకెట్టు కొళాయిలన్నిటికీ విప్పించాం.

పరదేశపు గైడుల్లో షవర్ గురించి పేజీలకు పేజీలు రాస్తారు. మామూలు షవర్ నిమిషానికి పది, పన్నెండు లీటర్లు వదులుతుంది. ఆరు నిమిషాలు నిలబడితే అరవై దాటుతుంది. మనవాళ్ళ స్నానం రెండు బకెట్లతో అయిపోతుంది. అందుకే మేం ప్రతి గదిలో మంచి బకెట్టు, మగ్గు, కూర్చోవడానికి స్టూలు పెట్టాం. ఐటీ కుర్రాళ్ళు కూడా సగం మంది వాటినే వాడుతున్నారని హౌస్‌కీపింగ్ వాళ్ళు చెప్తారు. ఇంతకంటే చవకైన నీటి పొదుపు పథకం నాకు కనిపించలేదు. ఇక ఏరేటర్ జాలీలో సున్నం పడుతుంది, ధార పక్కకు చిమ్ముతుంది. విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. ఈ పని ఎవరిదో డ్యూటీ చార్టులో రాయకపోతే ఎవరూ చెయ్యరు.

కీ కార్డు స్విచ్చు గురించి ఏం చెప్పను! తలుపు పక్క స్లాటులో కార్డు పెడితేనే గదికి కరెంటు. తీసుకుని వెళ్తే అన్నీ ఆగిపోవాలి. చవక రకం స్లాటు లోపల ఏదైనా అట్టముక్క తగిలినా చాలు, ఆన్ అయిపోతుంది. మెట్రో కార్డు, విజిటింగ్ కార్డు, ఆసుపత్రి ఓపీ కార్డు, అన్నీ చూశాం. ఒకాయన పాన్ కార్డు పెట్టి, దాన్ని వదిలేసి ఊరెళ్ళిపోయి, కొరియర్ చెయ్యమని ఫోన్ చేశాడు. ఫోన్ చార్జింగ్ ఆగిపోతుందని జనం చేసే పని ఇది, వాళ్ళని తప్పుపట్టలేం. తర్వాత మనిషి కదలికను పసిగట్టే సెన్సర్లు తెచ్చాం. అవి ఇంకా ఘోరం. కదలకుండా నిద్రపోతున్న పేషెంటు గదిలో ఎవరూ లేరనుకుని ఏసీ ఆపేసేవి. ఇప్పుడున్న పద్ధతిలో తలుపుకో సెన్సర్, లోపల ఇంకోటి. తలుపు మూశాక ఒక్కసారి కదలిక కనిపిస్తే చాలు, మళ్ళీ తలుపు తెరుచుకునేదాకా గదిలో మనిషి ఉన్నట్టే లెక్క. ఏసీకి మాత్రమే దీన్ని కలిపాం. ఒక ప్లగ్ పాయింటుకి కరెంటు ఎప్పుడూ ఉంటుంది. గొడవ తీరిపోయింది. సెన్సర్ కొనేముందు ఈ తర్కం ఉందో లేదో అడగండి. సేల్స్ వాళ్ళలో చాలామందికి ప్రశ్నే అర్థం కాదు.

అసలు ఏసీ సంగతిలో సెన్సర్ కంటే బాగా పనిచేసింది దోమల జాలీ. బెంగళూరులో ఏడాదిలో చాలా నెలలు రాత్రి కిటికీ తీసి ఫ్యాను వేసుకుంటే చాలు. దోమలకు భయపడి కిటికీ మూస్తారు, మూసినందుకు ఏసీ వేస్తారు. అన్ని కిటికీలకూ జాలీ తలుపులు పెట్టించాక రాత్రిపూట ఏసీ లేకుండా పడుకునే గదులు బాగా పెరిగాయి. 2020 జనవరి నుంచి కొత్త స్టార్ రేటింగ్ ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కూడా వాళ్ళే చెప్తారు. మంచిదే. గెస్టు రాగానే 18కి దించుతాడు, అది వేరే సంగతి.

ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు మానేసి గాజు సీసాలు పెడితే గెస్టులు నమ్మలేదు, "ఎక్కడ పట్టారో ఏమో" అని బయట బిస్లరీ కొనుక్కొచ్చారు. ప్రతి అంతస్తు వరండాలో ఫిల్టరు పెట్టి, వాళ్ళ చేత్తో వాళ్ళే పట్టుకునేలా చేశాకే నమ్మకం కుదిరింది. ఆర్వో వదిలే నీళ్ళు గచ్చు తుడవడానికి వెళ్తాయి. షాంపూ డిస్పెన్సర్లు పర్వాలేదు, తాళం ఉన్న రకమైతే. "టవల్ మళ్ళీ వాడండి, భూమిని కాపాడండి" కార్డు మా దగ్గర దండగ. ఆసుపత్రి కుటుంబాలు తువ్వాళ్ళు ఇంటి నుంచే తెచ్చుకుంటాయి. కార్డు పెట్టదలుచుకుంటే ఇంకో మాట రాయించండి. 2008లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, "భూమిని కాపాడండి" అన్న మాట కంటే "ఈ గదిలో దిగినవాళ్ళలో ఎక్కువమంది టవల్ మళ్ళీ వాడారు" అన్న మాటకే జనం ఎక్కువ స్పందించారని తేలింది.

రిసెప్షన్ సరుకు గురించి రెండు ముక్కలు. సెల్ఫ్ చెకిన్ మెషీను దగ్గర మా అబ్బాయి నిలబడి గెస్టు తరఫున తనే టైపు చేస్తుంటాడు. రాత్రి రెండింటికి బస్సు దిగి వచ్చిన పెద్దవాళ్ళకి కావాల్సింది తెలుగులో పలకరించే మనిషి. క్యూఆర్ మెనూ ఐటీ వాళ్ళు వాడతారు. మిగతావాళ్ళు "ఏముంది బాబూ టిఫిను?" అని అడుగుతారు. నిజంగా పనికొచ్చింది ఒక్క సాఫ్ట్‌వేరు, అన్ని బుకింగ్ సైట్లలో గదుల లెక్కను ఒకేసారి సరిచేసేది. డబుల్ బుకింగ్ టెన్షన్ పోయింది. దాన్నుంచే మర్నాటి గదుల లెక్క చూసుకుని ఇడ్లీ పిండి కలుపుతాం, అందువల్ల వంటింట్లో పారేసేది తగ్గింది.

గుర్తింపు బ్యాడ్జీల కోసం ఆరాటపడొద్దు. ఇదే ఊళ్ళో ఐటీసీ గార్డెనియా అనే పెద్ద హోటలుకి లీడ్ ప్లాటినం (గ్రీన్ బిల్డింగులకిచ్చే అన్నిటికంటే పై గుర్తింపు) ఉంది, దానికి తగ్గ డబ్బూ, ఇంజినీర్లూ వాళ్ళకున్నారు. ఆన్‌లైన్ బ్యాడ్జీలైతే మరీ గాలివాటం. బుకింగ్ డాట్ కామ్ హోటళ్ళ పక్కన ఆకు బొమ్మ వేసే తన 'ట్రావెల్ సస్టెయినబుల్' ప్రోగ్రామును డచ్ వినియోగదారుల, మార్కెట్ల నియంత్రణ సంస్థ అభ్యంతరాలతో 2024లో ఎత్తేసింది. మా గెస్టుల్లో ఆ ఆకు బొమ్మ చూసి వచ్చామన్నవాళ్ళు ఒక్కరూ తగల్లేదు.

ఇప్పుడు కొనేవాళ్ళు జీఎస్టీ ఒక్కటి చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ (మనం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకునే వీలు) లేదు. గెస్టుకి మేలే. మనకి మాత్రం హీట్ పంపు మీద కట్టే జీఎస్టీ ఇప్పుడు చేతి ఖర్చు. "ఇన్నేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది" అని ఎవరైనా పాత లెక్క చూపిస్తే, పన్ను కలిపి మళ్ళీ వెయ్యమనండి. ఆ లెక్కలో సాఫ్టెనర్, రిటర్న్ లైను, పైపుల ఇన్సులేషన్ ఉన్నాయో లేదో చూడండి. మాకు వచ్చిన మొదటి కొటేషన్లో ఈ మూడూ లేవు.