ఈసీ, దస్తావేజు నకలు: పని జరిగింది, చివరి పేజీలే భయపెట్టాయి

అక్క వాళ్లు 200 గజాల ప్లాటు చూసుకున్నారు, అడ్వాన్సు ఇచ్చేముందు ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత సేల్ డీడ్ నకలు తీయించే పని నామీద పడింది. ఈసీకి ఫుల్ మార్కులు. సర్వే నంబరు, హద్దులు ఇచ్చి ఫీజు కడితే ఎవరు ఎవరికి అమ్మారో వరసగా వచ్చేసింది, బ్రోకరు మాటవరసకైనా చెప్పని బ్యాంకు తనఖా ఒకటి అందులోనే బయటపడింది. ఇదేమీ రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్ల దయ కాదు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. మూడో పుస్తకంలోని వీలునామా నకలు మాత్రం రాసినవాళ్లు బతికుండగా బయటివాళ్లకు ఇవ్వరు. ఏది అందరికీ, ఏది కొందరికే అని చట్టం చేసినవాళ్లు అప్పుడే ఆలోచించారు.

నకలు దగ్గరే నాకు మనసు ఒప్పలేదు. షెడ్యూలు (ఆస్తి వివరాలుండే భాగం) చూసుకుని పేజీలు తిప్పుతుంటే చివర్లో అమ్మినావిడ ఆధార్ జిరాక్స్, 12 అంకెలూ తేటగా ఉన్నాయి, సాక్షులవి కూడా. ఫొటో పక్కన వేలిముద్ర, గీతలు లెక్కపెట్టొచ్చు. ఆవిడెవరో నాకు తెలీదు, నేనెవరో ఆవిడకి తెలీదు, ఆవిడ బొటనవేలి ముద్ర మాత్రం నా బ్యాగులో ఉంది!

ఊరికే టెన్షన్ పడటం లేదు. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసును పోలీసులు పట్టుకున్నారు. ఆధార్‌తో డబ్బు తీసేచోట ఓటీపీ కూడా అడగరు, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు.

అలాగని రికార్డులు మూసేయమని అనను. పేర్లు, హద్దులు, రేటు, తనఖా కనిపించాల్సిందే, లేకపోతే మోసపోయేది కొనేవాళ్లే. ఆధార్‌లో మొదటి 8 అంకెలు కొట్టేసి, వేలిముద్రను ఆఫీసు కాపీలోనే ఉంచి నకల్లో మసకబెట్టి ఇస్తే కొనేవాళ్లకి తగ్గేదేమీ లేదు. కౌంటర్లో అడిగితే "అందరికీ ఇలాగే ఇస్తామండీ" అన్నారు.

ఆ రాత్రే ఎంఆధార్ యాప్‌లో అమ్మా నాన్నల బయోమెట్రిక్ లాక్ చేశాను. నాన్న పింఛను రోజు తీసి, వేలు పెట్టాక మళ్లీ వేస్తున్నాను.