సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేటోళ్లు జెర్ర ఆగుండ్రి: కార్పెట్ లేపి చూడకుండ బయానా ఇయ్యకుండ్రి

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు దిక్కు నుంచి హైదరాబాద్ పోయి సెకండ్ హ్యాండ్ల పెద్ద బండి కొందామనుకునే అన్నలు, తమ్ముళ్లు ఇది పూర్తిగ చదువుండ్రి. ఫిబ్రవరిల నేను 26 లక్షల 50 వేలు పెట్టి ఎర్ర రంగు రెండు సీట్ల కారు కొన్న. 2016 మోడల్, టాప్ తెరుచుకునేది, తమిళనాడు నంబరు. కొని 45 రోజులైంది. అందుల నేను నడిపింది పన్నెండు రోజులు. మిగిలిన రోజులు బండి వర్క్‌షాపుల, నేను దాని వెనక.

అమ్మినోళ్ల పేరు రాస్తలేను, కేసు నడుస్తుంది. కంపెనీ పేరు గూడ రాయ. తప్పు బండి తయారు చేసినోళ్లది గాదు.

ఈ పిచ్చి నాకు ఇయ్యాల పుట్టింది గాదు. నల్లగొండ ఎన్.జీ. కాలేజీల ఇంటర్ చదివేటప్పుడు రామగిరిల రూము ఉండె. గల్లీ చివర కటింగ్ షాపు గోడకు 1998 క్యాలెండర్, దాని మీద టాప్ లేని ఎర్ర కారు. ఏడాది మారినా ఆ షాపాయన క్యాలెండర్ మార్చలే. కటింగ్ అవసరం లేకున్నా పోయి కూసునేది. తర్వాత ఎరువులు, విత్తనాల దుకాణం పెట్టిన, పెండ్లయింది, ఇల్లు కట్టిన, బిడ్డను ఇంజినీరింగ్ల వేసిన. కారు మాత్రం మనసుల అట్లనే ఉండిపోయింది. పోయినేడు మా ఇంటామెనే అన్నది, "కొనుక్కోరాదయ్యా, ఇంకెప్పుడు కొంటవ్, మోకాళ్లు నొయ్యకముందే కొనుక్కో" అని.

గమ్మత్తు ఏందంటే, ఇరవై ఏండ్ల సంది రైతులకు నేను చెప్పేది ఒక్కటే ముచ్చట. విత్తనాల సంచి మీద లాట్ నంబరు చూడు, బిల్లు అడుగు, నోట్లె వేసి కొరుకు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడు. గిన్ని చెప్పేటోడిని, నా 26 లక్షల కాడికి వచ్చేసరికి ముక్కు, నోరు, కండ్లు అన్నీ బంద్ జేసుకున్న.

హైదరాబాద్ల పాత బండ్లు అమ్మే యార్డుకు పోయేసరికి రాత్రి ఏడున్నర. పైన తెల్ల లైట్లు, కింద ఎర్ర బండి. ఇంజిన్ బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగ ఉంది. "మీరొస్తున్నరని స్టార్ట్ చేసి పెట్టినం సార్" అన్నడు అమ్మేటోడు. మర్యాద అనుకున్న. చల్లగున్న ఇంజిన్ను మన ముందట స్టార్ట్ చేస్తేనే దాని అసలు సప్పుడు, పొగ తెలుస్తయ్. తలుపు తీస్తే గుప్పుమని మల్లెపూల సెంటు. కింద కొత్త మ్యాట్లు. ధర చూస్తే ఇసుంటి బండి వేరే కాడ 33, 34 లక్షలు చెప్తున్నరు. ఏడు లక్షలు తక్కువ ఎందుకని అడిగితే, "ఓనర్ ఫారిన్ పోతుండు సార్, అర్జెంటు" అన్నడు. ఫారిన్ పోయే ఓనర్లు మన దేశంల ఎంతమంది ఉన్నరో గాని, ప్రతి యార్డుల ఒకడు ఉంటడు.

ఇన్సూరెన్స్ కాగితంల నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనోళ్లకు ప్రీమియంల ఇచ్చే తగ్గింపు, సున్నా ఉంది. అడిగిన, అది మాత్రం అడిగిన. "అది ఓనర్‌ది సార్, బండితోని రాదు" అన్నడు. మాట నిజమే, బోనస్ మనిషి వెంట పోతది, బండి వెంట రాదు. అందుకే నేను ఒప్పుకున్న. కాని ఆ పాలసీ ఇంకా పాత ఓనర్ పేరు మీదనే ఉంది గదా! ఐదేండ్లు క్లెయిమ్ లేకుంటే ఆయనకు 50 శాతం ఉండాలె. సున్నా ఉందంటే ఈ మధ్యనే ఏదో పెద్ద క్లెయిమ్ అయ్యిందేమో అని అనుమానం రావాలె. నాకు రాలే. నిజం మాటనే అడ్డం పెట్టి అబద్ధం దాటించిండు.

మొదటి దినం ముచ్చట మాత్రం దాచుకోను. ఎల్.బి. నగర్ దాటి 65వ నంబరు హైవే ఎక్కిన. పంతంగి టోల్ కాడ బూతుల ఉన్న పిల్ల లేచి నిలబడి చూసింది. చిట్యాల దాటినంక టాప్ తీసిన. నార్కట్‌పల్లి కాడ నల్లగొండ దిక్కు మలుపుకునేటప్పుడు వడ్ల లారీ డ్రైవర్ హారన్ కొట్టి చెయ్యి ఊపిండు. ఒంటి మీద గాలి, వెనక సైలెన్సర్ సప్పుడు. ఆ గంటన్నర కోసం మల్ల పైసలు పెట్టుమంటే, నిజం చెప్తున్న, ఆలోచిస్త.

ఇంటికి వచ్చినంక మా ఇంటామె ఎక్కి కూసున్నది. రెండు నిమిషాలకు ముక్కు ముడిచి, "ఏందయ్యా, బండ్ల తడి గోనెసంచులు వేసుకొచ్చినవా?" అన్నది. సెంటు కింద నుంచి వాసన వస్తుంది. గోదాముల వాన నీళ్లు వడి తడిసిన సంచి ఎట్ల వాసనొస్తదో నాకంటె బాగ ఎవలికి తెలుసు? "ఏసీ వాసన" అని చెప్పి తలుపు వేసిన.

మూడో దినం మాపటికి గడియారం సెంటర్ల టాప్ మూసుదామని బటన్ నొక్కిన. డిక్కీ మూత లేచింది, టాప్ సగం లేచింది, ఆగింది. ముందుకు రాదు, వెనకకు పోదు. చుట్టూ పిల్లలు ఫోన్లు పట్టుకొని వీడియోలు. ఒకడు "అన్నా, బండి ఆవులిస్తుందా?" అన్నడు. పైన మబ్బు పట్టింది. దుకాణం నుంచి మా పోరగాడు వడ్ల కుప్పల మీద కప్పే టార్పాలిన్ పట్ట తెచ్చిండు. 26 లక్షల కారు మీద అది కప్పి, గాలికి లేవకుండ నాలుగు దిక్కుల రాళ్లు పెట్టినం.

తెల్లారి ఏం చెయ్యకుండనే టాప్ మూసుకున్నది. సంతోషపడ్డ. ఇసుంటి దానికి సంతోషపడొద్దు. దానంతట అదే పాడై దానంతట అదే బాగైతుందంటే వైర్లల్ల ఎక్కడనో తడి ఉండొచ్చు.

నడిమిట్ల ఒక మాట. దేవరకొండ రోడ్డుల స్పీడ్ బ్రేకర్‌కు కింద గీసుకపోయింది. అది బండి తప్పు గాదు, అమ్మినోడి తప్పు గాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలె, మెల్లగ లేచి మెల్లగ దిగాలె. మన ఊర్లల్ల ఎవలి ఇంటి ముందట వాళ్లు సిమెంటు కట్ట పోసుకుంటరు. ఇంక యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీదికెల్లి పోతే, కింద జానెడు ఎత్తు లేని బండికి గడ్డి పోయి వేడి సైలెన్సర్ పైపుకు అంటుకుంటది. ఒక్కసారి కాలిన వాసన వచ్చి దిగి చూసి పీకిన. అంత కిందికున్న బండి కొనేటోళ్లు ఇది మాత్రం లెక్కల వేసుకోండ్రి.

అసలు గుట్టు విప్పింది మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్. స్టీరింగ్ కింద సాకెట్‌కు చిన్న స్కానర్ పెట్టిండు. లోపాల కోడ్ ఒక్కటి గూడ లేదు. "అచ్ఛా ఉంది గదా" అన్న. ఆయన ఇంకో పేజీ తీసి చూపెట్టిండు. కోడ్లు చెరిపేసినప్పటి సంది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందుల పడుతది: 118. నేను హైదరాబాద్ నుంచి తెచ్చింది, ఊర్ల తిరిగింది కలిపితే 112. అంటే నాకు తాళంచెవి ఇచ్చే ముందు ఆరు కిలోమీటర్ల కాడ ఎవడో కూసొని అన్నీ తుడిచేసిండు. భాయ్ తల గోక్కొని, "సేట్, గాడీ పానీ మే డూబీ హువీ లగ్‌తీ" అన్నడు, అంటే బండి నీళ్లల్ల మునిగినట్టుంది అని. నేను కోపానికి వచ్చిన. ఆయన మీద.

పన్నెండో దినం పంతంగి దాటినంక ఎయిర్ బ్యాగ్ లైటు వెలిగింది, వెంటనే గేరు మూడుల ఇరుక్కున్నది. పక్కకు తీసి హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసిన. పెట్రోలింగ్ బండి వచ్చి కోన్లు పెట్టిన్రు. మామూలు క్రేను ఈ బండికి పనికిరాదు, ముందర బంపర్ ఇరిగిపోతది. పూర్తిగ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలె. దాని కిరాయి 7,500.

వర్క్‌షాపుల డ్రైవర్ సీటు ఇప్పిన్రు. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి బెల్లం రంగుకొచ్చినయ్. కార్పెట్ లేపి, కింది స్పాంజి ఒక మూల తుంచి నా చేతుల పెట్టిండు టెక్నీషియన్. పిండిన. నల్లటి నీళ్లు మణికట్టు దాక కారినయ్. నీళ్లు పోయినంక అరచేతుల సన్నటి మెత్తటి ఒండ్రు మిగిలింది, చెరువు కింద పొలంల ఉంటదే, అది. సీటు కింద పసుపు కనెక్టర్, అది ఎయిర్ బ్యాగ్‌ది, దాని పిన్నుల మీద పచ్చటి పొడి. రాగికి తడి తగిలితే అట్ల చిలుము పడుతది. ఆ చిలుము ఒక్కనాడు బండిని చంపది, నెలలు నెలలు తింటది. సీట్ బెల్టు మొత్తం బయటికి గుంజితే చివరి జానెడు మట్టి రంగు. బెల్టును అంత దూరం గుంజి కడిగే ఓపిక ఎవడికీ ఉండదు. మొత్తం ఎస్టిమేట్ 14 లక్షల 80 వేలు.

ఛాసిస్ నంబరు కొట్టి పాత సర్వీసు రికార్డు తీసిన్రు. ఆఖరి ఎంట్రీ 2023 డిసెంబరు, చెన్నై. టోయింగ్ మీద వచ్చింది, లోపలికి నీళ్లు చేరినయ్, రిపేరు చెయ్యలే. మిచౌంగ్ తుపాను అప్పుడు చెన్నైల కార్లు నీళ్లల్ల తేలుతుంటే టీవీల మనం చూసినం గదా. గందుల నాది ఒకటి.

ఇది ఎట్ల జరుగుతదంటే, రిపేరు ఖర్చు బండి ఇన్సూరెన్స్ విలువల 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి ఓనర్‌కు పైసలిస్తది. మునిగిన బండిని వేలంల ఎవడో కొంటడు. ఆర్.సి. రద్దు గాకుంటే కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అదే నంబరు మీద మల్ల రోడ్డెక్కిస్తడు. చెన్నైల అమ్మితే అడుగుతరు. అందుకే మన దిక్కు తెస్తరు.

అమ్మినోడికి ఫోన్ చేస్తే, "నేను నడిమిట్ల మనిషిని సార్, అమ్మింది ఓనర్" అన్నడు. ఇది చాలామందికి ఎరుక లేదు: 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్‌కు ఆర్టీఓ ఇచ్చే అథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలె, ఫారం 29బి. ఓనర్ బండిని డీలర్‌కు అప్పజెప్పినట్టు ఫారం 29సి ఆన్‌లైన్ల పెట్టాలె. అది పెట్టినంక డీలరే ఓనర్ కింద లెక్క, నడిమిట్ల మనిషిని అనే మాట చెల్లది. నేను ఈ రెండూ అడగలే. లక్షన్నర నగదు ఇచ్చిన, దానికి రసీదు గూడ లేదు. ఆ పైసలకు నీళ్లొదులుకున్నట్టే.

ఇంకో దెబ్బ, వేరే రాష్ట్రం నంబరు. తమిళనాడు నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, అంటే అక్కడి ఆర్టీఓ అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, తేవాలె, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలె. ట్యాక్స్ మనం కొన్న ధర మీద గాదు, బండి కొత్తగున్నప్పటి ధర మీద, వయసును బట్టి శాతం తగ్గించి వేస్తరు. డెబ్బై లక్షల బండిని 26కు కొన్న అని మురిసేటోళ్లు ఈ లెక్క ముందుగాలనే చేసుకోండ్రి.

నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ల కేసు వేసిన. 50 లక్షల దాక కట్టిన సొమ్ముకు జిల్లాలనే వేసుకోవచ్చు, మనం ఉండే కాడనే, హైదరాబాద్ తిరిగే పని లేదు. నా సొమ్ముకు ఫీజు వెయ్యి రూపాయలు. గడువు రెండేండ్లు. ఏం చెయ్యాల్నో తెలువకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యుండ్రి, తెలుగుల మాట్లాడుతరు. స్పాంజి ముక్క, సీటు బోల్టుల ఫొటోలు, సర్వీసు రికార్డు, స్కానర్ ఫొటో అన్నీ పెట్టిన. నోటీసు అందినంక అమ్మినోడే ఫోన్ చేసి, "11 లక్షలకు నేనే తిరిగి తీసుకుంట సార్" అన్నడు. ఇయ్య అన్న. ఇస్తే వచ్చే నెల ఆ మల్లెపూల సెంటు ఇంకొకరి ముక్కుకు తగులుతది.

ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ దగ్గరికి పోయి మాఫీ అడిగిన. చాయ్ తాపి, స్కానర్ ఎట్ల వాడాల్నో నేర్పిండు. అసుంటిది రెండు వేలకు నేనూ ఒకటి కొనుక్కున్న.

నిన్న వనపర్తి నుంచి తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేసిండు. బెంగళూరుల బండి చూసిండట, నీలి రంగుది, టాప్ తెరుచుకునేది, ధర మస్తు తక్కువట. ఓనర్ ఫారిన్ పోతుండట. "అన్నా, లేట్ చేస్తే వేరెటోడు కొట్టుకపోతడేమో" అంటుండు. శనివారం ఇద్దరం బస్సుల పోతున్నం. రాత్రి అక్కడనే ఉండి, పొద్దుగాల ఇంజిన్ చల్లగున్నప్పుడే చూస్తం. టార్చిలైటు, స్కానర్, కార్పెట్ మీద అదిమి చూసేటందుకు పొడి తువ్వాల నేను తెస్తున్న. బయానా మాత్రం ఇంక ఇయ్యలేదట.